లాగే బలమా, ఆపే బలమా?

ఎందుకు? ఎలా?
(తాతయ్య చెప్పే సంగతులు)

పిల్లలూ! ఈ నెల నాకు అందిన జాబుల్లో ఒకటి సముద్రాలు దాటి వచ్చింది. రాసిన అమ్మాయికి పన్నెండేళ్ళు. వాళ్ళది నెల్లూరు, ఇప్పుడు అమెరికాలో డెన్వరు పట్నంలో ఉంటున్నారు. వాళ్ళ అమ్మమ్మ నెలనెలా మన పత్రిక పంపుతుందట. ఆ జాబు చదవండి:

“తాతయ్యగారికి నమస్కారం. మా నాన్నగారు వేసవి సెలవులకని ఒక చక్రాల ఇల్లు కొన్నారు. అందులో మంచాలూ, వంటిల్లూ, స్నానాల గదీ అన్నీ ఉన్నాయి. దాన్ని ట్రక్కు వెనక తగిలించి లాక్కుపోవాలి. నీళ్ళూ సామానూ నింపితే అది 8,000 కిలోలు తూగుతుందట. ట్రక్కు ఇంకా కొనలేదు. దుకాణంలో ఒకాయన చిన్న ట్రక్కు చూపించి, ఇది 8,500 కిలోలు లాగుతుంది, మీకిదే చాలునన్నాడు. మా పక్కింటి తాతగారు చాలా ఏళ్ళు లారీలు నడిపారు. ఆయన మాత్రం అది చాలదు, మధ్యరకం ట్రక్కు కొనండంటున్నారు. 8,500 అంటే 8,000 కన్న ఎక్కువే గదా! మరి ఎందుకు చాలదు? మేము పెద్ద పెద్ద కొండలు దాటి వెళ్ళాలి. అమ్మకు భయంగా ఉంది.”

ఈ ప్రశ్న నాకు చాలా నచ్చింది. దుకాణం ఆయన చెప్పినది అబద్ధం కాదు. పక్కింటి తాతగారు చెప్పినదీ అబద్ధం కాదు. ఇద్దరూ నిజమే చెబితే తేడా ఎక్కడ వచ్చింది?

ట్రైలరును కట్టుకున్న బండికి మూడు పనులున్నాయి. ఒకటి లాగటం, రెండు మొయ్యటం, మూడు ఆపటం. దుకాణం ఆయన మొదటి పని సంగతి ఒక్కటే చెప్పాడు. తాతగారు మూడూ చూశారు. మనం కూడా మూడూ చూద్దాం.

ఎడ్లబండి చెప్పే పాఠం

రెండు చక్రాల ఎడ్లబండిలోకి బస్తాలు ఎక్కించటం మీలో కొందరైనా చూసి ఉంటారు. చూడనివాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. బస్తాలన్నీ ముందుకు వేస్తే కాడి ఎడ్ల మెడల మీద నొక్కుతుంది. పాపం, అవి అడుగు వెయ్యలేవు. బస్తాలన్నీ వెనక్కు వేస్తే కాడి పైకి లేస్తుంది. మెడ కింది తాళ్ళు ఎడ్ల గొంతుకు బిగుస్తాయి. అందుచేత తెలిసిన బండివాడు బరువు ఇరుసుకు కాస్త ముందుకు ఉండేటట్టు సర్దుతాడు. కాడి మీద కొంచెం బరువు పడాలి, మరీ ఎక్కువ పడకూడదు. అదీ కిటుకు.

దీన్నిబట్టి ఏం తెలిసింది? ఎడ్లు బండిని లాగటమే కాదు, బండి బరువులో కొంత మోస్తాయి కూడా. ట్రక్కు పనీ అంతే.

ట్రైలరును ట్రక్కు వెనక కొసన, ఒక ఇనప గుండుకు తగిలిస్తే, ట్రైలరు బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు ఆ గుండు మీద పడాలి. అంతకన్న తక్కువ పడిందో, వేగంగా పోయేటప్పుడు ట్రైలరు పాములాగా అటూ ఇటూ ఊగటం మొదలుపెడుతుంది. ఆ ఊపు ఎక్కువైతే ట్రక్కును కూడా రోడ్డు మీదినుంచి ఈడ్చేస్తుంది.

అయితే బరువైన ట్రైలర్లను కొసన తగిలించరు. ట్రక్కు వెనక ఇరుసుకు సరిగా పైన, లేక కాస్త ముందుగా తగిలిస్తారు. అలా చేస్తే బరువు రెండు ఇరుసుల మధ్యా పడి, బండి ముందు భాగం పైకి తేలదు. ఈ పద్ధతిలో నూటికి 15 నుంచి 25 వంతుల దాకా బరువు ట్రక్కు మీదికి వస్తుంది. మన అమ్మాయి వాళ్ళ చక్రాల ఇల్లు ఈ రకానిదే.

అయిదో చక్రం

ఈ రకం తగిలింపును అమెరికాలో “అయిదో చక్రం” అంటారు. చూడబోతే అక్కడ చక్రమే ఉండదు. పేరు ఎలా వచ్చిందంటే, పూర్వం నాలుగు చక్రాల గుర్రబ్బళ్ళలో ముందు ఇరుసు అటూ ఇటూ తిరగటానికి, దాని పైన ఒక ఇనప చక్రాన్ని పడుకోబెట్టి బిగించేవాళ్ళు. నేల మీద నడిచేవి నాలుగు, ఇది అయిదోది. గుర్రబ్బళ్ళు పోయినా పేరు నిలిచిపోయింది. ఇప్పుడు ట్రక్కు వెనక ఒక దళసరి ఇనప పళ్ళెం ఉంటుంది. ట్రైలరు కింద ఉన్న లావుపాటి ఇనప మేకు ఆ పళ్ళెంలోకి దిగి బిగుసుకుంటుంది.

సగం బరువు తనమీద, సగం బరువు లాగే బండి మీద వేసే ట్రైలరుకు ఒక సరదా కథ ఉంది. డెట్రాయిటు పట్నంలో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి ఉండేవాడు. గుర్రాలకు లాడాలు కొట్టటం, బళ్ళు చెయ్యటం ఆయన వృత్తి. 1914లో సిబ్లీ అనే కలప వ్యాపారి ఆయన దగ్గరికి వచ్చి, తన పడవను ఫోర్డు కారు వెనక కట్టి తీసుకుపోయేందుకు ఏదైనా సాధనం చేసిపెట్టమన్నాడు. ఫ్రూహాఫ్ రెండు చక్రాల బండి ఒకటి చేసి, దాని ముందు భాగం కారు మీద ఆనేటట్టు అమర్చాడు. అది బ్రహ్మాండంగా పనిచేసింది. సిబ్లీ తన కలప తోలుకోవటానికి కూడా అటువంటివే చేయించుకున్నాడు. ఫ్రూహాఫ్ దానికి “సెమీ ట్రైలరు”, అంటే సగం ట్రైలరు, అని పేరు పెట్టాడు. ఈనాడు జాతీయ రహదారుల మీద మనం చూసే పొడుగాటి లారీలకు అది ముత్తాత అన్నమాట.

కాగితం, పెన్సిలు తీసుకోండి

ఇక లెక్క చూద్దాం. ప్రతి ట్రక్కుకూ తయారుచేసినవాళ్ళు కొన్ని హద్దులు పెడతారు. మొదటిది నిండు బరువు హద్దు. ట్రక్కు సొంత బరువు, ఎక్కిన మనుషులు, పెట్టిన సామాను, ట్రైలరు దానిమీద వేసే బరువు, అన్నీ కలిపి ఇంతకు మించరాదని దాని అర్థం. రెండోది జంట హద్దు. అంటే ట్రక్కూ ట్రైలరూ కలిపి మొత్తం ఎంత ఉండవచ్చునో ఆ బరువు. ఇవికాక ప్రతి ఇరుసుకూ, ప్రతి టైరుకూ వేరే హద్దులున్నాయి. వీటిలో ఏ ఒక్కటి మించినా బండి చాలనట్టే లెక్క.

దుకాణంలో చూపిన చిన్న ట్రక్కు నిండు బరువు హద్దు 4,500 కిలోలు, సొంత బరువు 3,400 కిలోలు అనుకుందాం. ఆ తరగతి డీజిలు ట్రక్కులు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. 4,500లోనుంచి 3,400 తీసేస్తే 1,100. అది మొయ్యగలిగినది అంతే.

దాని మీద పడే బరువెంత? చక్రాల ఇల్లు 8,000 కిలోలు. నూటికి 20 వంతుల చొప్పున 1,600 కిలోలు ట్రక్కు మీదికి వస్తుంది. చూశారా! ఇంకా ఎవరూ బండి ఎక్కకముందే 500 కిలోలు ఎక్కువైపోయింది. నాన్నగారూ, అమ్మా, అమ్మాయీ, తమ్ముడూ కలిసి 220 కిలోలు. ఇనప పళ్ళెం 80 కిలోలు. ట్రక్కులో పెట్టే సామాను 100 కిలోలు. మొత్తం 2,000 కిలోలు. మొయ్యగలిగినది 1,100, మొయ్యవలసినది 2,000. లాగే బరువు హద్దులోనే ఉంది, మోసే బరువు మాత్రం దాదాపు రెండింతలైంది!

“మరి కంపెనీవాళ్ళు 8,500 అని ఎలా రాశారు?” అని మీరడగవచ్చు. దానికీ ఒక పద్ధతి ఉంది. 2008లో అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘం లాగే బరువును నిర్ణయించటానికి నియమాలు ప్రకటించింది. అరిజోనా రాష్ట్రంలో డేవిస్ డామ్ దగ్గరి పొడుగాటి ఎక్కుడు దారిలాంటి పరీక్షలో బండి, చల్లగాలి యంత్రం వేసుకుని మరీ, చెప్పిన వేగానికి తగ్గకుండా ఎక్కాలి. పరీక్ష మంచిదే. కాని ఆ లెక్కలో బండిలో కూర్చునేది డ్రైవరూ, పక్కన ఇంకొకరూ మాత్రమే. మనిషికి 68 కిలోలు. పిల్లలూ, పెట్టెలూ, సైకిళ్ళూ, కుక్కపిల్లా ఆ లెక్కలో లేవు! వాటిని చేర్చుకోవటం కొనేవాళ్ళ పని.

అక్కడి చిన్న ట్రక్కుల్లో డ్రైవరు వైపు తలుపు తీస్తే, ద్వారం అంచున ఒక చీటీ అతికించి ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఎన్ని కిలోలకు మించరాదో దానిమీద ఉంటుంది. దుకాణం గోడ మీది పెద్ద అక్షరాలకన్న ఈ చిన్న చీటీ విలువైనది.

ఎక్కటం

ఇప్పుడు లాగటం సంగతి చూద్దాం. ఇంజను బలాన్ని గుర్రాల లెక్కలో చెబుతారు. పందెపు కారుకూ ట్రక్కుకూ ఒకే లెక్క ఉండవచ్చు. అయితే పందెపు కారు ఇంజను ఆ బలం చూపాలంటే చాలా వేగంగా తిరగాలి. ట్రక్కు డీజిలు ఇంజను నెమ్మదిగా తిరుగుతూనే చక్రాలను గట్టిగా తిప్పుతుంది. బరువు కదిలించటానికి కావలసినది ఆ తిప్పే బలమే. గేర్లున్న సైకిలు తొక్కినవాళ్ళకు ఇది తెలుసు. ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న గేరు వేస్తే కాళ్ళు ఎక్కువసార్లు తిరుగుతాయి, సైకిలు నెమ్మదిగా పోతుంది, కాని సులువుగా ఎక్కుతుంది. ట్రక్కూ అంతే చేస్తుంది.

కొండమీద ఇంకో చిక్కు ఉంది. డెన్వరు నుంచి పడమరగా పోయే రహదారి ఐసెన్‌హోవర్ సొరంగంలోనుంచి పోతుంది. అది 1973లో తెరిచిన సొరంగం. సముద్రమట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండే దానిలో మూడింట రెండు వంతులే. మనకు ఆయాసం వచ్చినట్టే ఇంజనుకూ వస్తుంది. అందుకని ఈనాటి డీజిలు ఇంజన్లలో పొగ పోయే వేగంతోనే తిరిగే ఒక చిన్న పంఖా పెట్టి, బయటి గాలిని బలవంతంగా లోపలికి తోయిస్తారు.

ఇంతా చేసి, ఎక్కలేకపోతే ఏమవుతుంది? బండి నెమ్మదిస్తుంది. వెనకవాళ్ళు విసుక్కుంటారు. ఇంజను వేడెక్కితే పక్కన ఆపుకుని చల్లారనివ్వవచ్చు. ఎక్కలేని బండి ప్రాణం తీయదు. అసలు పరీక్ష కొండ అవతల ఉంది.

దిగటం

సొరంగం దాటాక పడమటివైపు రోడ్డు 13 కిలోమీటర్లలో దాదాపు 700 మీటర్లు కిందికి దిగుతుంది. ఇది మన తిరుమల కొండ మీదినుంచి తిరుపతికి దిగినంత. తేడా ఏమిటంటే, తిరుమల దారి మెలికలు తిరుగుతూ సాగుతుంది. అక్కడిది వెడల్పైన రహదారి, బండి తనంతట తానే పరుగెత్తుతానంటుంది.

కొండెక్కేటప్పుడు ఇంజను ఖర్చుపెట్టిన శక్తి ఎక్కడికీ పోదు, బండి ఎత్తులో దాగి ఉంటుంది. దిగేటప్పుడు అదంతా బయటికి రావాలి. బ్రేకు వేస్తే వేడిగా మారుతుంది. మీ అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకుని చూడండి, సంగతి తెలుస్తుంది.

ఆ వేడి ఎంత? ట్రక్కూ చక్రాల ఇల్లూ కలిసి 13,000 కిలోలు అనుకుందాం. అది 700 మీటర్లు దిగితే వచ్చే వేడితో మామూలు చన్నీళ్ళు 300 లీటర్లు తెర్లించవచ్చు! పెళ్ళివారింటి గుండిగలను తలుచుకోండి. అంత వేడీ చక్రాల లోపలి బ్రేకుల్లోనే పుడితే అవి ఎర్రగా కాలిపోతాయి. పట్టు తగ్గుతుంది. బ్రేకు గొట్టాలలోని నూనె మరిగితే, తొక్కిన మీట మెత్తగా కిందికి పోతుంది, బండి మాత్రం ఆగదు.

వేగం సంగతి కూడా గుర్తుంచుకోండి. వేగం రెండింతలైతే ఆపటానికి తీయవలసిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు.

ఒక గండం, ఒక ఉపాయం

క్లెస్సీ కమిన్స్ అనే ఆయన డీజిలు ఇంజన్లు తయారుచేసేవాడు. అవి లారీలకు పనికివస్తాయని లోకానికి చూపించాలని 1931లో ఒక లారీకి తన ఇంజను పెట్టి, ఇద్దరు సహాయకులతో న్యూయార్కు నుంచి లాస్ ఏంజిలిస్‌కు బయలుదేరాడు. దేశానికి ఆ చివరనుంచి ఈ చివరకన్నమాట. కాలిఫోర్నియాలో కహోన్ కనుమ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు వదిలాయి. లారీ వేగం అందుకుంది. కింద రైలు పట్టాలు రోడ్డును దాటుతున్నాయి. వాటిమీద గూడ్సు బండి పోతున్నది! వెంట్రుకవాసిలో గండం తప్పింది.

కమిన్స్ దాన్ని మరిచిపోలేదు. లారీని పరుగెత్తించిన ఇంజనే లారీని ఎందుకు ఆపకూడదని ఆలోచిస్తూ వచ్చాడు. చాలా ఏళ్ళకు, తన కంపెనీనుంచి విరమించుకున్న తరవాత, ఉపాయం దొరికింది. 1961లో జాకబ్స్ కంపెనీ ఆ సాధనాన్ని తయారుచేసి అమ్మటం మొదలుపెట్టింది.

ఆ ఉపాయం మీరు ఇంట్లోనే చూడవచ్చు. సైకిలు పంపు తీసుకుని, గాలి వచ్చే రంధ్రాన్ని బొటనవేలితో మూసి, పిడిని కిందికి నొక్కండి. కష్టంగా ఉంటుంది. పిడి వదలండి, ఎగిరి పైకి వస్తుంది. మీరు పెట్టిన బలం మళ్ళీ మీకే తిరిగివచ్చింది. ఈసారి కిందిదాకా నొక్కి, సరిగ్గా అప్పుడు బొటనవేలు తీసెయ్యండి. గాలి ‘ఫుస్’ మని పోతుంది. పిడి తిరిగిరాదు. మీ బలం గాలిలో కలిసిపోయింది.

డీజిలు ఇంజను లోపల గాలిని నొక్కే దిమ్మె కూడా ఇలాంటిదే. డీజిలు ఆపేసినా, నొక్కిన గాలి దిమ్మెను తిరిగి తోసేస్తుంది గనక బండి పెద్దగా నెమ్మదించదు. గాలి బాగా నొక్కుకున్న క్షణాన పొగ పోయే మూతను తెరిస్తే, ఆ బలమంతా బయటికి పోతుంది. కొండ దిగే బండి ఇంజనును తిప్పుతూ, మాటిమాటికీ గాలిని నొక్కుతూ, తన వేగాన్ని తానే ఖర్చుచేసుకుంటుంది. వేడి బ్రేకుల్లో పుట్టదు, పొగగొట్టంలోనుంచి పోతుంది. ఇది పనిచేసేటప్పుడు దడదడమని పెద్ద చప్పుడవుతుంది. అందుకే అమెరికాలో కొన్ని ఊళ్ళ పొలిమేరల్లో, ఇక్కడ ఇంజను బ్రేకు వాడవద్దని బోర్డులు పెట్టారు! మధ్యరకం ట్రక్కుల్లో చాలావాటికి ఇంతకన్న చిన్న సాధనం ఉంటుంది. అది పొగ పోయే దారిని కొంత మూసి ఇంజనుకు ఎదురొత్తిడి కలిగిస్తుంది.

ఏ సాధనం ఉన్నా పాత డ్రైవర్ల సూత్రం మాత్రం మారలేదు. కొండ కొమ్మునే వేగం తగ్గించి, చిన్న గేరు వేసుకుని దిగాలి. సగం దిగాక గుర్తుకువస్తే ఆలస్యమైపోతుంది.

ట్రైలరుకూ బ్రేకులు

బండిని ఆపే భారం అంతా ట్రక్కుమీదనే వెయ్యకూడదు. ట్రైలరుకు సొంత బ్రేకులుండాలి. డ్రైవరు మీట తొక్కగానే కరెంటు తీగ ద్వారా ఆ కబురు వెనక్కు పోయి ట్రైలరు చక్రాలు కూడా నిలవాలి. తగిలింపు ఊడిపోతే? అందుకోసం ఒక సన్నని ఉక్కుతాడు కడతారు. ట్రైలరు విడిపోతే ఆ తాడు ఒక మేకును లాగేస్తుంది, వెంటనే ట్రైలరులోని బ్యాటరీ దాని బ్రేకులు వేసేస్తుంది.

పెద్ద ట్రక్కుల్లో గాలి బ్రేకులుంటాయి. వీటికి మూలం రైలు బళ్ళు. 1869లో జార్జి వెస్టింగ్‌హౌస్ అనే ఇరవైరెండేళ్ళ కుర్రవాడు రైళ్ళకు గాలి బ్రేకు కనిపెట్టి హక్కు పొందాడు. మొదట గాలి పంపితే బ్రేకు పడేది. గొట్టం పగిలితే బ్రేకు ఉండేది కాదు. 1872లో ఆయన దాన్ని తలకిందులు చేశాడు. గొట్టంలో గాలి తగ్గితేనే బ్రేకు పడుతుంది! గొట్టం పగిలినా, డబ్బాలు విడిపోయినా రైలు తనంతట తానే ఆగుతుంది. ఈనాటి లారీల్లో కూడా గాలి పోతే బలమైన స్ప్రింగులు బ్రేకు వేసేస్తాయి. చెడిపోయినప్పుడు కూడా మేలే చేసేటట్టు యంత్రాన్ని అమర్చటం ఎంత తెలివి!

మధ్యరకం అంటే ఏది?

అమెరికాలో ట్రక్కులను నిండు బరువు హద్దును బట్టి ఎనిమిది తరగతులు చేశారు. ఒకటి అన్నిటికన్న చిన్నది. ఎనిమిదో తరగతిలో దాదాపు 15,000 కిలోలకు పైబడిన పెద్ద లారీలుంటాయి. నాలుగోది సుమారు 6,350 కిలోల దగ్గర మొదలవుతుంది. అయిదోది సుమారు 8,850 దాకా, ఆరోది సుమారు 11,800 దాకా పోతాయి. సాధారణంగా నాలుగు మొదలు ఆరు దాకా మధ్యరకం అంటారు. కొందరు ఏడును కూడా కలుపుతారు.

అయిదో తరగతి ట్రక్కు ఒకటి తీసుకుందాం. నిండు బరువు హద్దు 8,800, సొంత బరువు 4,600 కిలోలు అనుకుంటే, మొయ్యగలిగినది 4,200. మన అమ్మాయి వాళ్ళు వేసేది 2,000. ఇంకా 2,200 కిలోల వెసులుబాటు ఉంది. దాని చట్రం దళసరి, కమాను కట్టలు బలమైనవి, బ్రేకులు పెద్దవి, వెనక ఇరుసుకు అటు రెండు ఇటు రెండు జంట టైర్లు. ఒక టైరు పగిలినా రెండోది కాసేపు కాస్తుంది. అంత పెద్ద బండి అంత సులువుగా ట్రైలరు ఊపుకు లొంగదు కూడా.

అయితే పెద్దదైనకొద్దీ మంచిదనుకోకండి. మధ్యరకం ట్రక్కు ఖరీదు ఎక్కువ, టైర్ల ఖర్చు ఎక్కువ, డీజిలు ఎక్కువ తాగుతుంది. ఇంటి షెడ్డులో పట్టకపోవచ్చు. బరువు లేకుండా నడిపితే గతుకుల్లో ఎత్తెత్తి వేస్తుంది. అక్కడి చట్టం సంగతీ చూసుకోవాలి. ట్రక్కూ ట్రైలరూ హద్దులు కలిపి సుమారు 11,800 కిలోలు మించి, ట్రైలరు ఒక్కటే 4,500 కిలోలు మించితే, వ్యాపారానికి నడిపేవాళ్ళకు ప్రత్యేకమైన లైసెన్సు కావాలి. సొంత చక్రాల ఇల్లు లాక్కుపోయేవాళ్ళ విషయంలో రాష్ట్రానికొక నియమం ఉన్నది. అందుచేత కొనేముందే విచారించాలి.

ట్రైలరు చిన్నదైతే చిన్న ట్రక్కే మంచిది. ఎలకను పట్టటానికి ఏనుగు అక్కర్లేదు గదా!

అమ్మాయికి జవాబు

అమ్మాయీ, మీ పక్కింటి తాతగారి మాటే సరైనది. ఆయన 8,500నూ 8,000నూ పోల్చలేదు. మీరు నలుగురూ ఆ కొండ దిగటాన్ని తలుచుకున్నాడు.

నువ్వు నాన్నగారితో వాదించకు. ఈ పేజీలోని లెక్క కాగితం మీద వేసి చూపించు. ఆయన చూస్తున్న ట్రక్కు తలుపు దగ్గరి చీటీలో ఉన్న అంకెలు నా అంకెల బదులు వేసుకోండి. నేను చెప్పినవి లెక్క చూపటానికి మాత్రమే. చక్రాల ఇంటిని నీళ్ళూ సామానూ నింపి ఒకసారి లారీల కాటా మీద తూచండి. ఒక లీటరు నీళ్ళంటే ఒక కిలో. తొట్టిలో 300 లీటర్లు పట్టితే 300 కిలోలు చేరినట్టే. తూచకుండా చెప్పిన బరువును నమ్మవద్దు.

ఒకవేళ మధ్యరకం ట్రక్కు ఖరీదు మీకు అందకపోతే రెండో దారి కూడా ఉంది. చక్రాల ఇంటిని మార్చి, చిన్న ట్రక్కు మొయ్యగలిగినంత చిన్నది తీసుకోవచ్చు. పెద్ద ఇంటికి తగని బండి కట్టటంకన్న, చిన్న ఇంటికి తగిన బండి కట్టటం మేలు. దానిలోనైనా కొండలు అంత అందంగానే కనిపిస్తాయి. అమ్మకు భయం కూడా ఉండదు.

పిల్లలూ, ఎవరైనా ఒక యంత్రాన్ని చూపించి, ఇది ఇంత చెయ్యగలదని గొప్పగా చెబితే, మీరు ఇంకో ప్రశ్న కూడా వెయ్యండి: “చేస్తున్నదాన్ని అది ఆపగలదా?” సైకిలు కొన్నప్పుడు కూడా బెల్లుకన్న ముందు బ్రేకు చూసుకోండి.

వచ్చే నెలకు ప్రశ్న

అమెరికా కొండదారుల్లో కొన్నిచోట్ల రోడ్డు పక్కనుంచి ఒక చిన్న దారి చీలి, పైకి ఎక్కి, ఏ ఊరికీ పోకుండా అక్కడే ఆగిపోతుంది. దాని నిండా వదులు కంకర పోసి ఉంటుంది. ఐసెన్‌హోవర్ సొరంగానికి పడమట కూడా అలాంటివి ఉన్నాయి. ఆ దారి ఎవరికోసం వేశారు? పైకి ఎందుకు ఎక్కుతుంది? తారు వెయ్యకుండా కంకర ఎందుకు పోశారు? ఈ నెల చెప్పిన సంగతులు జాగ్రత్తగా చదివినవాళ్ళు జవాబు ఊహించగలరు. మీ జాబులకోసం ఎదురుచూస్తుంటాను.

మీ తాతయ్య